డిసెంబరులో పూయని చెట్టు

మా ఇంట్లో క్రిస్మస్ చెట్టంటే సరుగుడే. రేపల్లెలో మా వీధిలోని లూథరన్ ఇళ్లన్నిటిలోనూ అదే. గ్రీటింగ్ కార్డుల మీద మంచు కప్పుకొని కనిపించే ఆ పైన్ చెట్టు మాలో ఎవరికీ ఎదురుపడలేదు. సరుగుడు మండ చూడటానికి కొంచెం అలాగే ఉంటుంది. సూదుల్లాంటి ఆకులు, చెక్కతో చెక్కినట్టుండే చిన్న చిన్న గరుకు కాయలు. బకెట్లో ఇసుక పోసి దాన్ని నిలబెట్టి, రంగు కాగితాలు చుట్టి, కొమ్మల మీద దూది పరిస్తే మాకు మంచు పడిపోయినట్టే. చెమటలు కారుతుండగా ఆ మంచు కురిపించే పని నాది.

చెట్టు తెచ్చే పని నాన్నది. నాన్న మిషన్ బడిలో సైన్సు మాస్టారు. మొదట్లో బాపట్ల అవతల, సూర్యలంక దారిలోని ఒక చిన్న బడిలో పనిచేసి, నేను పుట్టే ముందు బదిలీ మీద రేపల్లె వచ్చారు. ఆ పాత బడిలో ఆయన దగ్గర చదువుకున్న ఒకాయన తరవాత సరుగుడు తోట రైతు అయ్యాడు. ప్రతి డిసెంబరులో నాన్న బస్సెక్కి అక్కడికి వెళ్లేవారు. శిష్యుడు తోటలో మంచి చెట్టు చూసి తల నరికి ఇచ్చేవాడు. నాన్న దాన్ని బస్సు టాపు మీద వేయించుకొని, పిట్టలవానిపాలెం దాటేదాకా కండక్టరుతో లగేజీ టిక్కెట్టు గురించి వాదించుకుంటూ వచ్చేవారు.

ఆ తరవాత నాన్న మాట. పండగకు రెండు రోజుల ముందు చర్చి హాల్లో పిల్లల్ని చాపల మీద కూర్చోబెట్టి, ఆ చెట్టు పక్కన నిలబడి మాట్లాడేవారు. ఆ మాటకి ఊళ్లో ‘పువ్వు లేని చెట్టు’ అని పేరు పడిపోయింది. "చూడండి, దీనికి పువ్వు లేదు, వాసన లేదు, తేనె లేదు. తుమ్మెద కూడా దీని మొహం చూడదు. లోకంలో పువ్వులు పుట్టకముందు పుట్టిన జాతి ఇది. అయినా ప్రభువు పుట్టినరోజుకి గులాబీని పిలవలేదు, మల్లెని పిలవలేదు. దీన్ని పిలిచాం" అనేవారు. అంతే మాట. కానీ ఆయన చెబుతుంటే వెనక కూర్చున్న ఆడవాళ్లు కూడా కళ్లు తుడుచుకునేవారు. నాకైతే ఆ మాట నా కోసమే చెబుతున్నట్టుండేది. నేను నల్లగా, ఎత్తుపళ్లతో, ఏ రిబ్బను కట్టినా నప్పని పిల్లని. పువ్వు లేకపోయినా పిలుపు వస్తుందని సైన్సు మాస్టారే చెబుతుంటే అంతకంటే ఏం కావాలి?

అమ్మకు మాత్రం ఆ చెట్టంటే చిరాకు. "ఇరవై ఏళ్ల నుంచీ వింటున్నా. నాకు తెలిసిందల్లా జనవరిలో దీని చెత్త ఊడ్వటమే" అనేది.

ఎనభైల చివర్లో నేను తెనాలిలో బీఎస్సీ బోటనీ చదివాను. పొద్దున్నే రేపల్లె ప్యాసింజరెక్కి వెళ్లి, సాయంత్రం అదే బండిలో తిరిగి రావటం. ఆ బండి వేగానికి పూల మొక్కల కుటుంబాలన్నీ బట్టీ పట్టేంత తీరిక ఉండేది. పట్టాను. కాజురినేసి అనే కుటుంబం కూడా అందులో ఒకటి. ఆ కుటుంబం దగ్గరికి వచ్చేసరికి నా బుర్ర తిరిగిపోయింది.

ఇంగ్లీషు దొరల పుస్తకం దాన్ని రేకులు లేని పువ్వుల గుంపులో, చివరి వరుసల్లో, ఆముదానికీ పనసకూ దగ్గరగా కూర్చోబెట్టింది. జర్మన్ల పద్ధతిలో అదే కుటుంబం మొట్టమొదట ఉంది. దాని పువ్వు అంత బీదది కనుక పూల చెట్లన్నిటిలోకీ పాతది అదే అయ్యుండాలని వాళ్ల వాదన. మగపువ్వుకు ఒక్కటే కేసరం. ఆడపువ్వుకు రెండు ఎర్రటి పోగులు. రేకులు లేవు, వాటి కింది పచ్చటి గిన్నె లేదు. మూడో పుస్తకం ఈ ఇద్దర్నీ కాదంది. ఇది పుట్టు బీదది కాదట, బాగా బతికి చితికిన కుటుంబమట. పుప్పొడిని గాలి మోస్తుంటే ఇంక రేకులెందుకని ఒక్కొక్కటే వదిలేసుకుందట.

సరే, రాళ్లేమంటాయో చూద్దామని శిలాజాల పాఠం తిరగేశాను. అక్కడ ఇంకో తంటా. పూల చెట్ల మొదటి ఆనవాళ్లు దొరికిన రాళ్లలో దీని జాడ లేదు. చాలా తరవాతి రాళ్లలో దీని పుప్పొడి కనిపిస్తుంది. అది కూడా ఎక్కడ? ఆస్ట్రేలియాలో, న్యూజిలాండులో సరే. ఈ చెట్టు తనంతట తాను ఎక్కడా మొలవని దక్షిణ అమెరికాలో దీని కొమ్మలూ కాయలూ రాయిగా మారి దొరికాయి. ఉన్నచోట ఎప్పటినుంచి ఉందో తెలియదు, లేనిచోట ఉండేదని తెలుస్తోంది. ఇదేం చోద్యమని మా సార్‌ని అడిగాను.

"పరీక్షకి మొదటిది రాయమ్మా. ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌కి మూడోది రాయి" అన్నారు.

"మరి నిజం ఏదండి?"

"సిలబస్‌లో లేదు" అన్నారాయన, చాలా మామూలుగా.

ఇంత చదివినదాన్ని, ఈ కాజురినా మా ఇంటి బకెట్లోని సరుగుడేనని నాకు తెలియదా? తెలుసు, తెలియదు. అది ఎలాగో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కాలేజీలో అది సీసాలో స్పిరిట్లో నానుతూ పాలిపోయిన ముక్క. ఇంట్లో అది దూది కప్పుకున్న పండగ. ఒకే చెట్టు నా తలలో రెండు గదుల్లో రెండు పేర్లతో కాపురం ఉంది. రెంటి మధ్యా తలుపు తీయాలని నాకు తోచలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నాకు పరీక్షక్కూడా పనికిరాలేదు.

ఫైనలియర్ ప్రాక్టికల్స్ మార్చిలో జరిగాయి. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు పెద్దాయన, మెడలో మఫ్లరు, చేతిలో నస్యం డబ్బీ. వైవాలో నా ముందు ఒక పచ్చి కొమ్మ పెట్టారు. అప్పుడే కోసి తెచ్చినది. సరుగుడు. దాని మీద నేను చిన్నప్పటినుంచీ చూస్తున్న గరుకు కాయ.

"ఏంటమ్మా ఇది?"

"సరుగుడండి."

"ఏ విభాగం?"

నా నోరు నాకంటే ముందు కదిలింది. "వివృతబీజాలండి" అన్నాను. అంటే పువ్వు పూయని, గింజను కాయలో దాచుకోని చెట్లు. పైన్ చెట్టు జాతి.

"పువ్వు ఉండదా దీనికి?"

"ఉండదండి."

"ఎవరు చెప్పారు?"

"మా నాన్నగారండి" అన్నాను.

పక్కన నిలబడ్డ మా సార్ తల వంచుకున్నారు. వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. "ఏం చేస్తారు మీ నాన్నగారు?" అన్నారు పెద్దాయన. "సైన్సు మాస్టారండి" అనగానే నవ్వు గదంతా పాకింది. నాకు ఆ క్షణంలో భూమిలోకి దిగిపోవాలనిపించింది. మార్కుల గురించి కాదు. మా నాన్నని పదిమందిలో నిలబెట్టి నేనే నవ్వులపాలు చేశాను.

పెద్దాయన మాత్రం నవ్వలేదు. లెన్సు నా చేతికిచ్చి కొమ్మలో ఒకచోట వేలు పెట్టారు. చూశాను. చిన్న బొడిపె మీద ఎర్రటి పోగులు, పట్టుకుచ్చులాగా. కొన్ని సూదుల చివర గోధుమరంగు పొడి, ముట్టుకుంటే వేలికి అంటింది. పుస్తకంలో రాసినవన్నీ ఉన్నాయి. "పక్కనే ఉన్నా చూడమమ్మా మనం" అన్నారాయన. పాస్ మార్కులు వేశారు కూడా.

సాయంత్రం బండిలో కూర్చుంటే ముందు నా మీద నాకు కోపం వచ్చింది. బండి రేపల్లె చేరేసరికి ఆ కోపం నాన్న మీదికి మళ్లింది. ఇరవై క్రిస్మస్‌లు ఆ చెట్టు పట్టుకొని నిలబడ్డారే, ఒక్కసారి పరీక్షగా చూడలేదా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి అని అమ్మ ఊరికే అనదు. ఇంటికెళ్లగానే చెప్పేయాలనుకున్నాను. ఇంటికెళ్తే ఆయన వరండాలో నా కోసమే కూర్చొని ఉన్నారు. "వైవా బాగా చేశావా అమ్మా?" అన్నారు. బాగా చేశానన్నాను.

అప్పటినుంచి మొదలైంది నా అవస్థ. నాన్న ఆ ఏడాది చివర రిటైరవుతున్నారు. మాస్టారుగా ఆయన చివరి క్రిస్మస్ అది. ఆ డిసెంబరు మాటకు పాత విద్యార్థులు కూడా వస్తారని పాస్టరుగారు అప్పుడే చెబుతున్నారు. నిజం చెబితే ఆయన మాట పోతుంది, ఆ మాటతో పాటు ఆయన పరువూ పోతుంది. చెప్పకపోతే ఆయన అందరి ముందూ తప్పు చెబుతారు, వినేవాళ్లలో నాలాంటి డిగ్రీ వాళ్లు ఎవరో నవ్వుతారు. చెప్పాలా వద్దా? అమ్మనడిగితే "తెలిస్తే తెలిసింది, నోర్మూసుకో" అంది. రెండు రోజులాగి "అయినా పువ్వు లేకుండా కాయ ఎక్కణ్ణుంచొస్తుందే?" అని నన్నే అడిగింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంత తేలిక ప్రశ్న మా ఇంట్లో మాస్టారికీ తట్టలేదు, బోటనీ స్టూడెంటుకీ తట్టలేదు.

ఆరు నెలలు నానబెట్టి ఒక పిరికి ఉపాయం పన్నాను. నేను చెప్పను, చెట్టే చెప్పుకోనీ అనుకున్నాను. సరుగుడు ఏడాదికి రెండుసార్లు పూస్తుందని చదివాను. రెండో పూత సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. సెప్టెంబరు చివర ఒక ఆదివారం ఆరాధన అయ్యాక "సముద్రం చూసి చాలా రోజులైంది నాన్నా" అన్నాను. లెన్సు సంచీలో పెట్టుకున్నాను.

తోట రైతు మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు. నలభై దాటిన మనిషి, తలకు తువ్వాలు. "ఏంటి మాస్టారూ, ఇప్పుడొచ్చారు? పండగ ముందుకొచ్చిందా?" అన్నాడు. మేమొచ్చింది ఊరికే అని తెలిశాక కొబ్బరిబోండాలు కొట్టించాడు. ఇసుకలో కూర్చొని నేను చిన్నప్పటి ఆట ఆడాను. సరుగుడు సూదిని ఒక కణుపు దగ్గర లాగి, మళ్లీ అతికించి, ఎక్కడ లాగానో చెప్పమనే ఆట. నాన్న ఎప్పటిలాగే ఓడిపోయారు. ఆ వంకతో ఒక కొమ్మ వంచి "నాన్నా, ఇదేంటి?" అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది.

నాన్న కళ్లజోడు పైకెత్తి చూశారు. "తెగులు" అన్నారు.

రైతు నవ్వు ఆపుకున్నాడు. "పూతండి మాస్టారూ."

"పూతేంటిరా! సరుగుడికి పూతేంటి? తెగులిది."

"తెగులైతే ఇన్నేళ్లు తోట బతుకుద్దాండీ? ఏటా రెండు తడవలు పూస్తదండి. మీరొచ్చేది పండక్కి గదా, అప్పటికి కాయ ముదిరిపోద్ది. మీకెప్పుడూ కనపడలేదంతే."

నేను లెన్సు ఇచ్చాను. నాన్న చాలాసేపు చూశారు. ఒక కొమ్మ వదిలి ఇంకోటి, ఒక చెట్టు వదిలి ఇంకోటి. కాసేపటికి ఆయన వేళ్లన్నీ పుప్పొడితో గోధుమరంగుకు తిరిగాయి. ఆ పాత బడిలో ఉన్నప్పుడు తోటల్లోకి రాలేదు, రేపల్లె వెళ్లాక ఇరవై ఏళ్లూ డిసెంబరులోనే వచ్చారాయన. మా వాళ్లంతా డిసెంబరులోనే చూశారు ఆ చెట్టుని. డిసెంబరులో దానికి పువ్వు ఉండదు, నిజమే.

"మరి నాకెప్పుడూ చెప్పలేదేంరా?" అన్నారు చివరికి. గొంతులో మాస్టారు లేడు.

"చెప్పానండి" అన్నాడు రైతు. "ఏడో తరగతిలో. మీరు పుస్తకంలో పైన్ కాయ బొమ్మ చూపించి, అది మన ఊళ్లో దొరకదు గాబట్టి సరుగుడు కాయ చేత్తో పట్టుకొని, దీనికీ పువ్వుండదన్నారు. ఉంటదండి, మా అయ్య తోటలో చూశానన్నాను. ఎదురు చెప్తావా అని బెంచీ ఎక్కించారు." చెబుతూ చెబుతూ రైతుకు నవ్వొచ్చింది. "ఇంతలో బెల్లు కొట్టారండి. మీరు పుస్తకాలు తీసుకొని వెళ్లిపోయారు, దిగమనటం మర్చిపోయారు. లెక్కల మాస్టారొచ్చి ఎందుకెక్కావురా అంటే ఏం చెప్పాలో తెలవలేదు. పువ్వుందన్నందుకండి అంటే ఆయన బెత్తంతో ఒకటి వేశాడు."

రైతు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వబోయి నాన్న మొహం చూసి ఆగిపోయాను. తోట చేతికొచ్చినప్పటినుంచీ ప్రతి ఏడూ మంచి చెట్టు చూసి, పూత రాలి కాయలు గట్టిపడ్డ చెట్టు చూసి, తల నరికి మాస్టారి చేతికిచ్చిన మనిషి ఈ రైతే.

బాపట్ల బస్టాండులో రేపల్లె బస్సు కోసం నిలబడ్డప్పుడు నాన్న అడిగారు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మార్చిలో, నాన్నా. వైవాలో." జరిగిందంతా చెప్పాను, అందరూ నవ్వటం కూడా.

"ఆర్నెల్ల నుంచీ ఎందుకు చెప్పలేదమ్మా?"

మీ పరువు కోసమని చెబుదామనుకున్నాను. నోటికి రాలేదు. "భయమేసింది" అన్నాను.

ఆయన నా వైపు తిరిగి, "ఇంట్లో కూడానా?" అన్నారు. అంతే. రేపల్లె దాకా ఆ మాటే నా చెవుల్లో ఉంది. తప్పు చెప్పినందుకు ఆయన అంత బాధపడలేదు. ఆ రైతూ నేనూ కూడా ఆయన దగ్గర నోరు మూసుకొని బతికామని తెలిసి బాధపడ్డారు. నిజం చెబితే ఆయన ఏమైపోతారోనని ఆర్నెల్లు కుమిలిన నాకు ఈ సంగతి తట్టనేలేదు.

అక్టోబరంతా నాన్న నా నోట్సులు చదివారు. వరండాలో కూర్చొని, పెన్సిలు పట్టుకొని, పరీక్ష పేపర్లు దిద్దినట్టు. నన్ను ఏమీ అడగలేదు. నాకు అడిగే ధైర్యం లేదు.

డిసెంబరు వచ్చింది. నాన్నే వెళ్లి చెట్టు తెచ్చారు. హాలు నిండిపోయింది. పిల్లలు ముందు చాపల మీద, పాత విద్యార్థులు గోడల వెంట, అమ్మా నేనూ వెనక ఆడవాళ్ల చాప మీద. నాన్న లేచి చెట్టు పక్కన నిలబడ్డారు.

"ఇన్నేళ్లూ ఈ చెట్టుకి పువ్వు లేదని చెప్పాను. అది తప్పు" అన్నారు. "పువ్వు ఉంది. డిసెంబరులో ఉండదు, అంతే. నేను డిసెంబరులోనే చూశాను. ఉందని చెప్పిన పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించాను." పిల్లలు నవ్వారు. పెద్దవాళ్లెవరూ నవ్వలేదు. నా గుండె బరువు సగం దిగింది. అయిపోయింది, గట్టెక్కాం అనుకున్నాను.

అప్పుడాయన గొంతు సవరించుకొని, "అయితే ఒకటి మాత్రం నిజం. లోకంలో అన్నిటికంటే ముందు పూసిన చెట్టు ఇదే" అన్నారు.

అది జర్మన్ల వాదన. నా నోట్సులో తరవాతి పేజీలోనే శిలాజాలు దాన్ని కాదంటున్నాయి. ఈ పిల్లలు ఇంకో ఇరవై ఏళ్లు ఇదే మోస్తారు. నేను కదలటం చూసి అమ్మ నా తొడ మీద గిల్లింది. గట్టిగా గిల్లింది. అయినా లేచి నిలబడ్డాను.

"కాదు నాన్నా."

హాలంతా వెనక్కి తిరిగింది. మా ఊళ్లో మాస్టార్ని అందరి ముందూ కాదన్న మనిషి లేదు, అందులో కూతురు.

"ఏంటి కాదు?" అన్నారు.

"మొదటిదని కొందరన్నారు. పాత రాళ్లలో దీని ఆనవాలు దొరకలేదు. చాలా తరవాతి రాళ్లలో దొరికింది."

"మరి ఎప్పటిది? ఎవరి చుట్టం ఇది?"

"తెలియదు నాన్నా. ఇంకా తేలలేదు."

తరవాత తొంభైల్లో, నేను బాపట్లలో టీచరుగా ఉన్నప్పుడు, జన్యువులు చదివిన వాళ్లు ఈ కుటుంబాన్ని అక్రోటు, ఓక్ చెట్ల దగ్గరికి చేర్చారని చదివాను. పాతదీ కాదు, మొదటిదీ కాదు. కానీ ఆ రోజు నాకు తెలిసింది తెలియదనే.

నాన్న చెట్టు దగ్గర నుంచి నడుచుకుంటూ వెనక్కి వచ్చారు. కోపమో కాదో ఆయన మొహం చూస్తే పోల్చుకోలేకపోయాను. వచ్చి, నేను లేచిన చోట, చాప మీద అమ్మ పక్కన కూర్చున్నారు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి, కిందికి దిగటానికి చాలాసేపు పట్టింది.

"వెళ్లి ఆ తెలియదనేదే చెప్పమ్మా" అన్నారు. "వింటాం."

వెళ్లాను. ఏం చెప్పానో నాకు సరిగ్గా గుర్తులేదు. నా ఎదురుగా చాప మీద తలెత్తి వింటున్న నాన్న గుర్తున్నారు.

పండగ వెళ్లాక నోట్సు తెరిచాను. శిలాజాల పేజీలో, పాత రాళ్లలో జాడ లేదన్న వాక్యం కింద ఆయన పెన్సిలు గీత ఉంది. పక్కన టిక్కు కూడా ఉంది. అంటే చదివారు, సరేననుకున్నారు. మరి ఆ రోజు మర్చిపోయి తప్పు చెప్పారా, నేను లేస్తానో లేదో చూద్దామని చెప్పారా? ఈసారి నానబెట్టలేదు. నోట్సు పట్టుకొని వరండాలోకి వెళ్లి అడిగేశాను.

ఆయన టిక్కు వైపు చూశారు, నా వైపు చూశారు. "నువ్వేమనుకుంటున్నావు?" అన్నారు.